ఫాటక్ పడింది

రైలు గేటుని రాయ్‌పూర్‌లో ఫాటక్ అంటారు. పార్వతీపురం నుంచో బొబ్బిలి నుంచో రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళూ ఆ మాటే అంటారు. శంకర్ నగర్‌కి ఆనుకుని ఉన్న ఒక సందు చివర, ఊర్మిళ ఇంటికి సరిగ్గా ఎదురుగా, అలాంటి ఫాటక్ ఒకటి ఉండేది. దాని మీదుగా చిన్న రైలు వెళ్ళేది. ఛోటీ లైన్ బండి. రెండు మూరల వెడల్పైనా లేని పట్టాల మీద, నాలుగైదు డబ్బాలతో, అభన్‌పూర్ వైపు వెళ్ళేది, మళ్ళీ అటునుంచి వచ్చేది. ఎంత మెల్లగా అంటే, కిటికీ పక్కన కూర్చున్నావిడ నములుతున్నది వక్కో, వేయించిన శనగలో, గుమ్మంలో నిలబడి చెప్పెయ్యొచ్చు.

ఫాటక్ పడగానే సందంతా నెమ్మదించేది. స్కూటర్ల వాళ్ళు ఇంజన్లు ఆపి ఒక కాలు నేలకి ఆన్చేవాళ్ళు. కూరలమ్ముకునే సుక్వారో నెత్తి మీది గంప వేపచెట్టు కింద దించి, కొంగుతో మెడ తుడుచుకుంటూ, "ఫాటక్ గిర్ గే వో!" అని, ఫాటక్ పడిపోయిందని అరిచేది, అదేదో తనకొక్కదానికే కనబడినట్టు. ఊర్మిళ కుట్టుమిషను మీంచి పాదాలు తీసేది. మామగారు దానయ్య బయట చక్రం తిప్పడం పూర్తి చేసి, పచ్చజెండా పట్టుకుని నిటారుగా నిలబడేవాడు. ఆయన ఆ ఫాటక్‌కి గేట్‌మేన్. అత్తగారు బంగారమ్మ రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, ఒకటి కోడలి చేతిలో పెట్టి, రెండోదానితో గుమ్మంలో చతికిలబడేది.

"బండి ఇంకా తేలిబాంధా టేసన్లో బీడీ కాలుస్తంది. ఈయన అప్పుడే ఫాటక్ వేసీసినాడు" అని మొగుడికి వినబడేలా అనేది.

"నీ టీ సల్లారిపోతాదని వేసినాను. తాగు" అనేవాడు దానయ్య, పట్టాల మీంచి చూపు తిప్పకుండానే.

ఆ కాసేపూ ఊర్మిళ ఏమీ చేసేది కాదు. ఊరికే చూసేది. ఆగిన జనం, వాళ్ళ బట్టలు. బడి నుంచి వచ్చే టీచరమ్మ వీపు మీద జాకెట్టు డోరీ ముడి ఎటు వాలిందో, పాల డబ్బాలు మోసే అతని చొక్కా భుజం దగ్గర ఎందుకు పిగిలిందో, రైలు కిటికీల్లోంచి బయటికి వేలాడే చేతులకి జాకెట్లు ఎక్కడ బిగుసుకుంటున్నాయో. ఏదీ గుర్తు పెట్టుకోవాలని చూసేది కాదు. రైలు గడగడమంటూ దాటేది, గాల్లోకి కాసింత దుమ్ము, కాసింత డీజిలు వాసన లేచేవి, ఫాటక్ పైకి లేచేది. మళ్ళీ మిషను మీద కూర్చుంటే గుడ్డ దానంతటదే తిరుగుతున్నట్టుండేది. పొద్దుటినుంచీ తెగని మెడ ఆకారం కత్తెర కొనకి వచ్చి నిలబడేది. ఊర్మిళ చేతిలో ఏదో ఉందని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. ఉందేమో అనుకునేది తను కూడా.

తర్వాత ఒక ఏడాది చిన్న రైలు ఆగిపోయింది. దానయ్య అప్పటికే రిటైరై ఇంట్లో ఉన్నాడు. ముందు పట్టాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది, మేకలు మేశాయి. ఆ తర్వాత పట్టాలు తీశారు. రోడ్డు వచ్చింది. నల్లగా, నున్నగా, ఎక్కడా ఆగక్కర్లేని రోడ్డు. సందులో అందరూ సంతోషించారు. ఊర్మిళ భర్త హేమంత్‌కి భన్‌పురిలో ఫ్యాక్టరీ ఆఫీసు పని, ఇదివరకు ఫాటక్ దగ్గరే సగం ఓపిక అయిపోయేది, ఇప్పుడు హాయిగా వెళ్ళొస్తున్నాడు. ఆ సంతోషంలోనే పెళ్ళాం మిషనుకి మోటారు కూడా పెట్టించాడు.

"ఇంక కాళ్ళు తొక్కక్కర్లేదు. బస్, బొటనవేలు ఆన్చావంటే చాలు" అన్నాడు.

నిజంగానే చాలు. మోటారు ఆగదు. రోడ్డూ ఆగదు. ఊర్మిళా ఆగడం మానేసింది. ఎవరో ఆపితే ఆగడమే తప్ప, తనంతట తను ఆగడం ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు. పొద్దున వంట కాగానే కూర్చునేది. మధ్యాహ్నం అన్నం పళ్ళెం మిషను బల్ల మీదికే వచ్చేది. బంగారమ్మ టీ పెట్టిచ్చేది గాని, అది రీలు డబ్బా పక్కన మీగడ కట్టి, సాయంత్రం మొక్కల్లోకి పోయేది. జాకెట్లు గుట్టలుగా వచ్చేవి, గుట్టలుగా పోయేవి. ఎవరిది ఏ రంగో సాయంత్రానికి గుర్తుండేది కాదు. ఒకప్పుడు పట్టుగుడ్డ మడత విప్పితే ఆ కొత్త వాసనకే ఆమెకి ఉత్సాహం వచ్చేది. ఇప్పుడు మడత విప్పితే ఇంకో పని కనబడేది. అంతే.

ఆ వేసవిలో ఒకరోజు భోజనాల దగ్గర చెప్పేసింది.

"భ్రమరాంబ వదిన కూతురి పెళ్ళి జాకెట్టొకటి కుట్టేసి, మిషను మాలతికి ఇచ్చేస్తానండి. ఆ పిల్ల కొత్తగా నేర్చుకుంటోంది, అడిగింది కూడా."

హేమంత్ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "అదేంటి? మోటారు పెట్టించాక ఇస్తావా?"

"మోటారుతో పాటే ఇస్తాను. నాకింక చేతకావడం లేదు. ఒళ్ళు కాదు. ఇష్టమే పోయింది."

దానయ్య మజ్జిగ గ్లాసు ఎత్తి తాగి, కోడలి వైపు చూశాడు. ఆమె అప్పటికే చెయ్యి కడుక్కుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది. మోటారు చప్పుడు మొదలైంది.

భ్రమరాంబ మర్నాడే చీర పట్టుకుని వచ్చింది. వెనక వీధిలోనే ఇల్లు, బొబ్బిలి వాళ్ళు, ఊర్మిళకి ఏ చుట్టరికమూ లేకపోయినా వదినే. వస్తూనే కూలరు ముందు నిలబడి కొంగు దులిపింది. తడిసిన గడ్డి వాసన గదంతా పరుచుకుంది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఇదిగో ఊర్మిళా, చూడు. మా త్రివేణికి కాబోయే అత్తగారు పెట్టిన చీర. సంబల్‌పురి పట్టు. వాళ్ళకి తెలిసిన నేతగాడి దగ్గర చెప్పి నేయించారంట. ఇలాంటిది ఇంకోటి ఉండదంట."

కుంకుమ రంగు మీద తెల్లని శంఖాలు, చేపలు, అంచు నిండా గుడి గోపురాల్లాంటి ముక్కోణాలు. భ్రమరాంబ ఒడిలో పరిచి, మడత తిప్పి, మళ్ళీ తిప్పి చూపించింది. "ఇటు చూసినా ఇదే, అటు చూసినా ఇదే. మా ఆయనైతే చీరకి మొహం ఏదో వీపేదో తెలీట్లేదు, దీనికి పెళ్ళికూతురు ఎలా కట్టుకుంటుంది అని ఒకటే నవ్వు."

"ఊఁ" అంది ఊర్మిళ, పాత ఆది జాకెట్టు మీద టేపు పెట్టి కొలుస్తూ. తల ఎత్తలేదు.

"జాకెట్టు ముక్క అందులోనే ఉంది. కాస్త తక్కువగానే నేశాడు దొంగచచ్చినోడు. సరిపోతుందా?"

"సరిపెడతాను వదినా."

"నువ్వు సరిపెడతావనే తెచ్చాను. నా పెళ్ళికి మా ఊళ్ళో కుట్టించారు చూడు, చంక పట్టేసి తలంబ్రాలు ఎత్తలేకపోయాను. ఆయన పోస్తుంటే నేను మొక్కజొన్న పొత్తులా నిలబడ్డాను. మా అత్తగారు పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయింది! నా కూతురు మాత్రం రెండు చేతులూ పైకెత్తి పొయ్యాలి. వాడి నెత్తి మీద గుట్ట కట్టాలి."

ఇదివరకైతే ఊర్మిళ పగలబడి నవ్వేది. ఇప్పుడు పెదవులు మాత్రం కదిలాయి. భ్రమరాంబ ఆమె మొహం ఒకసారి పట్టి చూసింది.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది వదినా. ఎండ."

ఆ ముక్క నిజంగానే తక్కువ. మామూలుగా చేతులు కత్తిరించేటప్పుడు గుడ్డ మడిచి, రెండు పొరలూ కలిపి ఒకేసారి కత్తిరిస్తారు. కుడిది, ఎడమది వాటంతటవే ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా వస్తాయి. ఈ ముక్క మడిస్తే అంచు అందడం లేదు. ఒంటి పొర మీద ఒక చెయ్యి కత్తిరించి, దాన్నే ఆదిగా పెట్టుకుని, ఇంకో చోట రెండోది కత్తిరించాలి. రెండోదానికి ముందు ఆ మొదటి చేతిని బోర్లించాలి. చంక వంపు ముందు వైపు లోతు, వెనక వైపు తక్కువ కాబట్టి. ఇది మిషను నేర్చుకున్న మొదటి నెలలో చెప్పే పాఠం.

ఊర్మిళ మధ్యాహ్నం అన్నం తినకుండా ఆ పని మొదలుపెట్టింది. తింటే నిద్ర వస్తుంది, నిద్రపోతే పని మిగులుతుంది. బయట ఎండ తెల్లగా మండుతోంది. రోడ్డు మీద బళ్ళు ఒకదాని వెనక ఒకటి, తెగని దారంలా. ఆమె సుద్దముక్కతో గీసింది, కత్తిరించింది. తీసి పక్కన పెట్టింది. గీసింది, కత్తిరించింది. వెన్ను, ముందు భాగాలు పిన్నులతో జోడించింది. కుడి చెయ్యి పెట్టి చూసింది, కుదిరింది. ఎడమ చెయ్యి పెట్టింది.

లోతు వంపు వెనక్కి వచ్చింది.

తిప్పి పెట్టింది. అంచు పైకి, భుజం మీదికి వెళ్ళింది. మళ్ళీ తిప్పింది. రెండు చేతులూ తీసి బల్ల మీద పక్కపక్కన పరిచింది. రెండూ ఒకటే. రెండూ కుడి చేతులే.

ఆమెకి చెవుల్లో కూలరు చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. మిగిలిన ముక్కల్లో వెతికింది. అరచెయ్యంత ఒకటి, నాలుకంత ఒకటి. అతుకు వేస్తే అంచు మీది గోపురం మధ్యకి విరుగుతుంది. నేతగాడికి చెప్పి నేయించిన చీర. ఇలాంటిది ఇంకోటి ఉండదు. ఈ జాకెట్టుతో మిషను వదిలేద్దామనుకుంది గాని, ఇలా వదలాలనుకోలేదు. ఇన్నేళ్ళు కుట్టినవన్నీ పోయి, ఊర్మిళ అంటే పెళ్ళికూతురికి రెండు కుడి చేతులు కుట్టిందే, ఆవిడ, అని మిగిలిపోతుంది. భ్రమరాంబకి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఫోను ఎక్కడ పెట్టింది?

లేచి గుమ్మం వైపు తిరిగింది. గుమ్మానికి అడ్డంగా, ఈ గోడనుంచి ఆ గోడకి, మామగారి చేతికర్ర ఉంది. ఒక కొస అవతల దానయ్య బయట కుర్చీలో కూర్చుని, కర్ర పట్టుకుని ఉన్నాడు.

"మావయ్యా, జరగండి. నేను వదిన వాళ్ళింటికి వెళ్ళాలి."

"ఫాటక్ పడింది" అన్నాడు దానయ్య.

ఊర్మిళకి అర్థం కాలేదు. "ఏంటి?"

"ఫాటక్ పడిందమ్మా. ఇప్పుడెలా దాటతావు? కూకో."

"ఇప్పుడు ఆటలేంటి మావయ్యా! నా కొంప మునిగింది ఇక్కడ. పెళ్ళి జాకెట్టు తగలేశాను."

"మునిగితే మునిగింది. ఫాటక్ పడినాక లాటుసాహెబు ఒచ్చినా ఆగాల్సిందే. నా సర్వీసులో ఒక్కణ్ణీ ఒగ్గలేదు. కోడలైతే ఒగ్గీస్తానేటి?"

లోపల్నుంచి బంగారమ్మ వచ్చింది, చేతుల్లో రెండు గ్లాసులతో. కర్రని, మొగుణ్ణి, కోడలి మొహాన్ని వరసగా చూసింది. "రైలు లేదు, పట్టాలు లేవు. ఈయనకి ఫాటక్ మాత్రం ఉంది. ఎవరు సిగ్నలిచ్చినారో మరి!" అంది. కాని గ్లాసు మాత్రం ఊర్మిళ చేతిలో పెట్టేసింది, పాత రోజుల్లోలాగే, ఇంకేమీ అడక్కుండా. కర్ర కింద నుంచి ఒంగి దూరి మెట్టు మీద కూర్చుంది. "కూకో. ఆయన మాట ఆయన్ది. టీ మాట మనది."

ఊర్మిళకి ఏడవాలనిపించింది, అరవాలనీ అనిపించింది. రెండిటికీ ఓపిక లేదు. గుమ్మంలో కూలబడి, ద్వారబంధానికి వీపు ఆన్చింది. చెక్క చల్లగా ఉంది. టీలో అల్లం ఎక్కువైంది. నాలుక మీద చురుక్కుమంది. ఎన్నాళ్ళకి టీ వేడిగా తాగుతోందో.

ఎదురుగా రోడ్డు. వేపచెట్టు ఇంకా అక్కడే ఉంది. దాని నీడ రోడ్డు మీద పడి, వెళ్ళే బళ్ళ కింద నలుగుతూ, మళ్ళీ సర్దుకుంటూ ఉంది. మొదట ఊర్మిళ కళ్ళు బళ్ళ వెంట పరిగెత్తాయి. కాసేపటికి అవి అలిసిపోయి నీడ దగ్గరే ఉండిపోయాయి. ఎండకి రోడ్డు మీద నీళ్ళలాంటి మెరుపు కదులుతోంది. ఆ మెరుపులో రోడ్డు సన్నబడి, రెండు గీతలైంది. గీతల మధ్య గడ్డి మొలిచింది. గడ్డి ఊగింది.

దూరంగా ఎక్కడో చిన్న రైలు కూత వేసింది. రావాల్సిన దానికన్నా మెల్లగా, గాల్లో దూదిలా వచ్చింది. ఒక్కో డబ్బా ఆమె ముందు నుంచి కదిలింది. ప్రతి కిటికీలోంచీ ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది. చిలకాకుపచ్చ చెయ్యి, అది టీచరమ్మది. నీలం మీద పసుపు పైపింగు, అది ఎవరి సీమంతానిదో. బుట్టలు పెట్టిన చెయ్యి, మూరెడు పొడుగు చెయ్యి, అంచు మడిచి గంటలు కుట్టిన చెయ్యి. అన్నీ తను కుట్టినవే. ఏవీ గుర్తు లేవనుకుంది గాని, ఒక్కొక్కటీ కుట్టుతో సహా గుర్తుంది. రైలు అభన్‌పూర్ వైపు వెళ్ళిపోయింది. వెళ్ళినంత మెల్లగానే తిరిగి వచ్చింది. ఇప్పుడు కిటికీలకి ఎడమ చేతులు వేలాడుతున్నాయి. ఆమె ఎవరికో చెయ్యి ఊపింది. ఎవరో తిరిగి ఊపారు.

గ్లాసు చేతిలోంచి జారబోతే బంగారమ్మ పట్టుకుంది.

ఊర్మిళ కళ్ళు తెరిచింది. నిద్ర పట్టిందో లేదో ఆమెకే తెలియదు. తెరిచిన కళ్ళకి ముందుగా కనబడింది అత్తగారి చీర కుచ్చెళ్ళు. రోజూ కట్టే పాత నూలు చీర, ఆకుపచ్చ మీద తెల్ల చేపలు. కింద, పాదాల దగ్గర, ఫాల్ బయటికి కనబడుతోంది. లోపల ఉండాల్సిన పట్టీ, తన చేత్తో తను వేసిన కుట్లు, లోకమంతా చూసేలా బయట ఉన్నాయి.

ఊర్మిళకి నవ్వొచ్చింది. "అత్తయ్యా, చీర తిరగేసి కట్టేశారు."

"తెలుసు. కావాలనే కట్టినాను" అంది బంగారమ్మ ఏ మాత్రం తొణక్కుండా. "ఆ పక్క ఎండకి వెలిసిపోయింది. నెల్లాళ్ళ నుంచీ ఇలాగే కడతన్నాను, ఈ ఇంట్లో ఒక్కరు సూసినారా? ఇది సంబల్‌పురి నేత. దీనికి లోపలేటి, పైనేటి? నువ్వే కదా నాకు సెప్పినావు, దారానికి ముందే రంగేసి నేస్తారు, రెండు పక్కలా ఒకటే అని."

ఊర్మిళ ఆ ఫాల్ వైపు చూస్తూ ఉండిపోయింది. చేపలు. ఇటు చూసినా చేపలే, అటు చూసినా చేపలే. భ్రమరాంబ వదిన ఒడిలో మడత తిప్పింది. మళ్ళీ తిప్పింది. చీరకి మొహం ఏదో, వీపేదో.

ఒక చేతిని తిరగెయ్యాలి. అంతే. లోపలి వైపుని బయటికి పెడితే కుడి చెయ్యి ఎడమ చెయ్యి అవుతుంది. ఈ గుడ్డకి లోపలి వైపే లేదు. అంచు కూడా అద్దకం దారంతో నేసిందే, జరీ పోగు ఒక్కటి లేదు. అసలు ఏదీ పాడు కాలేదు. ఇది తెలియక కాదు. ఇంతమందికి తను చెప్పిన మాటే. బల్ల ముందు అంతసేపు తిప్పి తిప్పి చూసింది, పైకీ కిందకీ తిప్పిందే గాని బోర్లించలేదు. ఆ మాట లోపల ఎక్కడో ఉండి కూడా పైకి రాలేదు.

ఒక్క ఉదుటున లేవబోయింది. కర్ర మోకాళ్ళకి తగిలింది.

"మావయ్యా, దొరికింది! తియ్యండి, దొరికింది!"

"దొరికింది ఎక్కడికి పోద్ది? బండి దాటలేదు" అన్నాడు దానయ్య.

"ఇంకా దాటలేదా! ఎంత పొడుగు బండి మావయ్యా ఇది?"

"గూడ్సు."

"ఛోటీ లైన్ మీద గూడ్సేటి!" అంది బంగారమ్మ. "రిటైరైనాక ఈయన బళ్ళకి డబ్బాలు పెరిగినాయి."

ఊర్మిళ కర్ర మీద రెండు చేతులూ వేసి ఒక్క క్షణం నిలబడింది. ముసలాయన పట్టు అంత గట్టిదేం కాదు. కొంచెం ఎత్తితే దాటిపోవచ్చు. లోపల బల్ల మీద ఆ రెండు చేతులూ పడి ఉన్నాయి, వేళ్ళు అటే లాగుతున్నాయి. గుడ్డ కోసం వేళ్ళు అలా లాగి ఎంత కాలమైంది. ఆ లాగుడు ఎంత బాగుందంటే, దాన్ని వెంటనే ఖర్చు చేసెయ్యడానికి ఆమెకి మనసు రాలేదు.

మళ్ళీ కూర్చుంది. గ్లాసు అడుగున మిగిలిన టీ గుక్కెడు తాగింది. సుక్వారో గంపతో ఎండలో పోతూ, ముగ్గురూ గుమ్మంలో అలా కూర్చోవడం చూసి ఆగింది. అడ్డంగా ఉన్న కర్రని చూసింది. ఏం అర్థమైందో, నల్లని మొహమంతా పళ్ళయిపోయింది.

"ఫాటక్ గిర్ గే?"

"గిర్ గే" అన్నాడు దానయ్య గంభీరంగా.

ఆమె గంప దించి వేపచెట్టు కింద కూర్చుంది. రోడ్డు మీద బళ్ళు పోతూనే ఉన్నాయి. వీళ్ళ రైలు వాటి మధ్యలోంచే, ఎవరికీ తగలకుండా, డబ్బా తర్వాత డబ్బాగా పోయింది. చివరికి దానయ్య దూరం చూసి, "ఆఁ, గార్డు డబ్బా" అని కర్ర ఎత్తాడు.

జాకెట్టు ఆ సాయంత్రమే అయింది. మోటారు స్విచ్ ఆపేసి, చేతులు అతికేటప్పుడు మాత్రం పాదాలతోనే తొక్కింది ఊర్మిళ. త్రివేణి వేసుకుని చూడ్డానికి వచ్చినప్పుడు భ్రమరాంబ తలుపు మూసి, "ఎత్తు, ఎత్తు, రెండు చేతులూ ఎత్తు. ఇంకా పైకి. పోసెయ్ తలంబ్రాలు!" అంది. పిల్ల నవ్వుతూ ఎత్తింది. ఎక్కడా పట్టలేదు. రెండు భుజాల మీదా శంఖాలు ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు కుదిరాయి.

"ఏం మాయ చేశావే! రెండు చేతుల మీదా శంఖాలు ఎదురెదురుగా పడ్డాయి, చూశావా?" అంది భ్రమరాంబ.

"అది నేను చెయ్యలేదు వదినా. మా అత్తయ్య చేసింది" అంది ఊర్మిళ. బంగారమ్మ మంచినీళ్ళు అందిస్తూ, కుచ్చెళ్ళు సర్దుకుంది.

ఆ తర్వాత రోజూ కర్ర పడేది. ఫలానా సమయమని లేదు. ఆయనకి ఎప్పుడు సిగ్నల్ వస్తే అప్పుడు. ఒక్కోసారి ఊర్మిళ చిరాకు పడేది, "ఇప్పుడే కూర్చున్నాను మావయ్యా" అని. ఒక్కోసారి తనే గుమ్మం వైపు చూసేది, బండి ఇంకా రాలేదేమిటా అని.

పెళ్ళి అయిన కొన్నాళ్ళకి దానయ్య, బంగారమ్మా అభన్‌పూర్‌లో ఉన్న కూతురింటికి వెళ్ళారు. కర్ర కూడా ఆయనతోనే వెళ్ళింది. ఆ పొద్దున్న ఊర్మిళ ఒక్కతే. కుడుతూ కుడుతూ ఒకచోట దారం తెగింది. ఎక్కించింది. మళ్ళీ తెగింది. సూది వైపు చూసింది, తర్వాత గుమ్మం వైపు చూసింది. గుమ్మం బార్లా తెరిచి ఉంది, ఎవరూ ఆపడం లేదు.

లేచి, గుడ్డలు కొలిచే గజం బద్ద తీసుకుని, గుమ్మానికి అడ్డంగా పెట్టింది. ఒక కొస చెప్పుల స్టాండు మీద, ఒక కొస బియ్యం డబ్బా మీద. టీ పెట్టుకొచ్చి దాని వెనక కూర్చుంది. మొదట సిగ్గేసింది, ఎవరైనా చూస్తారేమోనని. తర్వాత ఎండలో వేపచెట్టు నీడ కదలడం మొదలైంది, సిగ్గు మర్చిపోయింది.

మాలతి వచ్చింది అప్పుడే. వీధి చివర ఆటో ఆపి, మిషను తీసుకెళ్ళడానికి. గుమ్మం దాకా వచ్చి, బద్దని చూసి, చెప్పులు విప్పాలో వద్దో తేలక నిలబడిపోయింది.

"ఆంటీ, మిషను కోసం వచ్చాను. మీరు పెళ్ళి అయ్యాక రమ్మన్నారు కదా."

"కూర్చోమ్మా. ఫాటక్ పడింది."

"ఏం ఫాటక్ ఆంటీ?"

ఊర్మిళ బద్దకి అవతలున్న మెట్టు చూపించింది. మాలతి అటూ ఇటూ చూసి, ఆటో వాణ్ణి ఆగమని చెయ్యి ఊపి, కూర్చుంది. ఊర్మిళ తన గ్లాసులోంచి సగం టీ ఇంకో గ్లాసులోకి వంచి ఇచ్చింది. ఆ పిల్ల అందుకోవడానికి చెయ్యి చాపింది. జాకెట్టు చెయ్యి చంక దగ్గర ముడతలు పడి, మోచేయి పైకి లేవనివ్వకుండా పట్టేసింది.

ఊర్మిళ ఆ ముడతల వైపు చూస్తూ ఉంది. తొందర లేకుండా, రైలు కిటికీని చూసినట్టు చూసింది. ఎక్కడ విప్పాలో, ఎంత వదలాలో, వేళ్ళకి తెలిసిపోయింది.

"మిషను ఇవ్వడం లేదమ్మా, ఏమీ అనుకోకు. ఆటో పంపించెయ్" అంది. "గాని ఆ చెయ్యి ఎవరు కుట్టారు?"

"నేనే ఆంటీ" అంది మాలతి చిన్నబోయి. "బాలేదా?"

"బాగుంటుంది. బండి దాటనీ, చూద్దాం."